‘పొగిడినా తప్పేనా?’ అనే మెసేజ్‌కు జవాబు

ఆటల కామెంటరీలో జాతి పేరెత్తడం నేరమా అని నిలదీసే ఆ మెసేజ్ బడి స్నేహితుల గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చివరికి మా బాబాయి కూడా పంపాడు. ‘తప్పక చదవండి’ అని అందరూ రాశారు గానీ, పంపినవాళ్ళు చదివినట్టు లేదు. చదివి ఉంటే అందులోని మూడో అంశం మొదటి అంశం పీక పట్టుకుందని గమనించేవారు.

చూడనివారి కోసం సారాంశం ఇదీ. ఒకటి, నల్లవాణ్ణి నల్లవాడు అనడం ఉత్త ఆనవాలు. రెండు, నోరు జారిన పాపానికి కామెంటేటర్ల ఉద్యోగాలు ఊడగొడుతున్నారు. మూడు, ‘వాళ్ళది పుట్టుకతో వచ్చిన బలం’ అనడం పొగడ్త, దానికీ కోపమేనా? నాలుగు, ఇంగ్లండ్ మాజీ క్రికెటర్, వ్యాఖ్యాత ఈసా గుహ మన రక్తమే, ఆమెను తప్పుపట్టడం విడ్డూరం. ఐదు, మన దేశంలో ఈ జబ్బే లేదు, ఇక్కడ ‘కాలూ’ అనిపించుకున్న వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీయే చివరికి సరిపెట్టుకున్నాడు.

మొదటిదానిలో సగం నేనూ ఒప్పుకుంటాను. జాతి ప్రస్తావనే పాపమనేవాళ్ళతో నాకూ పేచీ ఉంది. 2016 జనవరిలో కేప్‌టౌన్‌లో ఇంగ్లండ్‌పై టెంబా బవుమా శతకం కొట్టాడు. దక్షిణాఫ్రికా తరఫున టెస్టు సెంచరీ చేసిన తొలి నల్లజాతి ఆఫ్రికన్ అతనే. ఆ ముక్క చెప్పకుండా స్కోరు మాత్రం చదివే కామెంటేటర్ ఉంటే అతని జీతం కోయాలి. 1960-61లో వెస్టిండీస్ జట్టును ఆస్ట్రేలియాకు తీసుకెళ్ళిన ఫ్రాంక్ వోరెల్ కథా అంతే. అంతకుముందు ఒక పూర్తి సిరీస్‌కు ఆ జట్టును నడిపిన నల్లజాతి కెప్టెన్ లేడు. ఇలాంటి చోట రంగు చెప్పకపోవడం మర్యాద కాదు, చరిత్రను దాచడం. అయితే వీపు మీద పేరూ నంబరూ ఉన్న ఆటగాణ్ణి గుర్తుపట్టడానికి రంగు దేనికి?

రెండోది తేలికగా తేలిపోతుంది. 2004లో బ్రిటన్ టీవీ వ్యాఖ్యాత రాన్ అట్కిన్సన్ చెల్సీ ఫుట్‌బాల్ జట్టు నల్లజాతి డిఫెండర్ మార్సెల్ దెసయీని జాతి పేరుతో దూషించిన మాటలు, 2006లో కొలంబో టెస్టులో గడ్డం పెంచిన దక్షిణాఫ్రికా ముస్లిం ఆటగాడు హషీమ్ ఆమ్లా క్యాచ్ పట్టగానే ఆస్ట్రేలియా వ్యాఖ్యాత డీన్ జోన్స్ ‘టెర్రరిస్టు’ అన్న మాట, రెండూ మైకు ఆగిపోయిందనే ధీమాతో అన్నవే. మైకు ఉందని తెలిసి తడబడితే నోరు జారడం అంటారు. వీళ్ళు మైకు లేదనుకుని మనసులో మాట చెప్పారు.

నాలుగోదానికీ ఇక్కడే జవాబు చెప్పేస్తాను. 2024 డిసెంబరులో బ్రిస్బేన్ టెస్టులో బుమ్రాను ఈసా గుహ ‘ప్రైమేట్’ (కోతుల వర్గపు జీవి) అన్నారు. మర్నాడు ప్రత్యక్ష ప్రసారంలో క్షమాపణ చెప్పారు. పక్కనున్న రవిశాస్త్రి ధైర్యం గల మనిషి అని మెచ్చుకుని విషయం ముగించాడు. ఆమె వదిలేసిన వాదనను ఆమె తరఫున మీరెందుకు మోస్తున్నారు?

ఇక మూడోది. మెసేజ్‌లోని విషమంతా ఇక్కడే ఉంది, అదీ చక్కెర పూతతో. మొదటి అంశంలో రంగుకు ఆనవాలు తప్ప వేరే అర్థం లేదన్నారు. నాలుగు వాక్యాలు దాటేసరికి ఆ రంగే కండబలానికి కారణమైపోయింది. ముందు మీరు ఏదో ఒకటి తేల్చుకోండి.

2020లో రన్‌రిపీట్ అనే డెన్మార్క్ సంస్థ, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ సంఘంతో కలిసి, ఐరోపాలోని నాలుగు పెద్ద లీగుల 80 మ్యాచ్‌లలో ఇంగ్లిష్ కామెంటేటర్లు అన్న రెండు వేల పైచిలుకు మాటలను లెక్కగట్టింది. ముదురు రంగు ఆటగాడి విషయంలో బలం ప్రస్తావన వచ్చే అవకాశం 6.59 రెట్లు, వేగం ప్రస్తావన వచ్చే అవకాశం 3.38 రెట్లు ఎక్కువని తేలింది. తెలివితేటలకు దక్కిన మెచ్చుకోళ్ళలో 62.60 శాతం లేత రంగు వాళ్ళవి. గమనించండి, ఇది తిట్ల లెక్క కాదు. దీనికి జాతి పేరెత్తే పని కూడా లేదు. కండ ఒకరికి, బుర్ర మరొకరికి పంచి పెడితే చాలు. ఆ పంపకం మైదానం దగ్గరే ఆగితే నేనూ ఊరుకునేవాణ్ణేమో. ఆట మానేశాక కోచ్ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలన్నప్పుడు చూసేది బుర్రనే. 1987లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు ఉన్నతాధికారి అల్ కాంపానిస్, మేనేజర్ పదవికి కావలసినవి నల్లవాళ్ళకు లేవేమోనని టీవీలోనే అనేశాడు. మీ పొగడ్త చివరికి చేరే ఊరు అదే.

వెస్టిండీస్ పేస్ బౌలర్ల ‘పుట్టుకతో వచ్చిన’ బలం వెనక డెనిస్ వెయిట్ అనే ఆస్ట్రేలియన్ ట్రైనర్ ఉన్నాడు. 1970ల చివర్లో కెరీ ప్యాకర్ అనే ఆస్ట్రేలియా టీవీ యజమాని సొంతంగా నడిపిన సిరీస్ కాలం నుంచి ఆ జట్టును పరుగులు పెట్టించి, చెమటలు కక్కించాడు. అన్నీ పుట్టుకతోనే వస్తే పాపం ఆయన జీతం దండగ. ఆ పేస్ బౌలర్లలో ఒకడైన మాల్కమ్ మార్షల్ ఆరడుగులు కూడా లేడు. 1984లో లీడ్స్‌లో ఎడమ బొటనవేలు విరిగితే, సహచరుడు లారీ గోమ్స్ సెంచరీ కోసం ఒంటిచేత్తో బ్యాటింగ్‌కు దిగాడు. ఆ తర్వాత కట్టు కట్టిన చేతితోనే 53 పరుగులిచ్చి 7 వికెట్లు తీశాడు. 81 టెస్టుల్లో 376 వికెట్లు, సగటు 20.94. ఒక్కో బ్యాట్స్‌మన్ బలహీనతను అంతగా చదివి బంతి వేసినవాడికి ‘సహజ శక్తి’ అనే బిరుదిచ్చి, ఆలోచనను మాత్రం వేరేవాళ్ళ ఖాతాలో రాస్తారా?

మన దాకా వస్తే గానీ తెలియదంటే ఇదీ వినండి. అజహరుద్దీన్, లక్ష్మణ్ ఫ్లిక్ చేస్తే ‘తూర్పుదేశపు ఇంద్రజాలం’ అని మురిసిపోయే విదేశీ వ్యాఖ్యాతలు ఉండేవారు. 2001లో ఈడెన్‌లో 281 పరుగులకు లక్ష్మణ్ ఆడింది 452 బంతులు. ఏ ఇంద్రజాలమూ అంతసేపు నడవదు.

మన పత్రికలు సెరెనా విలియమ్స్‌ను ‘నల్ల కలువ’ అని రాసినప్పుడు నాకు నచ్చేది. అందులో ద్వేషం లేదని ఇప్పటికీ అంటాను. స్టెఫీ గ్రాఫ్‌ను తెల్ల కలువ అని ఎవరైనా రాసినట్టు మాత్రం నాకు గుర్తు లేదు.

ఐదోది: మన దేశంలో లేదట! 2021 జనవరిలో సిడ్నీలో మన సిరాజ్‌ను ప్రేక్షకులు దూషిస్తే ఆట ఆగింది. జాత్యహంకారం నశించాలని ఆ రోజు గ్రూపుల్లో గర్జించింది ఈ మిత్రులే. 2007లో వడోదర, ముంబయి మైదానాల్లో ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్‌ను చూసి కోతి కూతలు కూసింది బహుశా చంద్రమండలం నుంచి వచ్చిన ప్రేక్షకులు. చర్మం రంగు గురించి ఏళ్ళ తరబడి మాటలు పడ్డానని 2017లో బహిరంగంగా రాసిన మన క్రికెటర్ అభినవ్ ముకుంద్‌ది చెన్నై. సొంత దేశంలోనే జీవితమంతా రంగు వివక్ష చూశానని 2021లో చెప్పిన మాజీ స్పిన్నర్ లక్ష్మణ్ శివరామకృష్ణన్ ఏళ్ళుగా కామెంటరీ పెట్టెలో కూర్చున్న మనిషే.

సామీ సంగతి. హైదరాబాద్ ఐపీఎల్ జట్టులో తననూ శ్రీలంక ఆటగాడు తిసార పెరీరానూ ‘కాలూ’ (నల్లోడు) అని పిలిచేవారని, బలమైనవాడనే అర్థం అనుకున్నానని 2020 జూన్‌లో ఆయన బయటపెట్టాడు. తర్వాత ఒక సహచరుడితో మాట్లాడి, ప్రేమతోనే అన్నాడని నమ్మాడు. నిజమే, అది ఆయన పెద్దమనసు. అంతకుముందు ఏం జరిగిందో మెసేజ్‌లో లేదు. అలా పిలిచినవాళ్ళు తనతో మాట్లాడాలని ఆయన లోకమంతా చూసేలా వీడియో పెట్టి అడిగాడు. సంజాయిషీ అందాకే ఊరుకున్నాడు.