కనుపాప పెద్దదైతే మూడేళ్లలో చూపు పోతుందా?

మొన్న ఆదివారం గుంటూరు నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "అమ్మాయ్, నీ కుడికంటికి వచ్చింది ఇదేనటే?" అని గొంతు వణుకుతోంది. అప్పటికే ఆ మెసేజ్ నాకు మూడు గ్రూపుల్లోంచి వచ్చింది. దాని సారాంశం ఇది: ఒక కనుపాప పెద్దదై వెలుతురుకు ముడుచుకోకపోతే మెదడులో గడ్డ ఉన్నట్టే. ఏడాది తిరక్కుండా రెండో కంటికి పాకుతుంది, మూడేళ్లలో చూపు పోతుంది, ఆపైన కాళ్లు పడిపోతాయి. నందివర్ధనం పూల రసంలో తేనె కలిపి 40 రోజులు కంట్లో వేస్తే నయమవుతుంది.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో బ్లౌజులు కుడతాను. నా కుడి కనుపాప పెద్దదై ఎనిమిదేళ్లయింది. దీన్ని ఏడీ ప్యూపిల్ అంటారు, టానిక్ ప్యూపిల్ అని కూడా. 1931లో లండన్‌లో విలియం ఏడీ, గోర్డన్ హోమ్స్ అనే డాక్టర్లు ఎవరికి వారు దీని గురించి రాశారు. అప్పటి నుంచి చూస్తున్న జబ్బే కాబట్టి ముందు ముందు ఏమవుతుందో బాగానే తెలుసు.

ముందు గడ్డ సంగతి. ఇందులో కాస్త నిజం ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు. కనుపాప ఉన్నట్టుండి పెద్దదై, దాంతోపాటు రెప్ప వాలిపోయినా, ఒకటి రెండుగా కనిపించినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా, తలకు దెబ్బ తగిలినా ఆ రాత్రికి రాత్రే పెద్దాసుపత్రికి పోవాల్సిందే. కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పి పుడితే అది ఇంకో రకం ఎమర్జెన్సీ. అంతమాత్రాన పెద్ద పాప అంటే గడ్డే అనడం తప్పు. ఉమ్మెత్త చెట్టు పీకిన చేత్తో కన్ను నులుముకున్నా పాప విచ్చుకుంటుంది. అసలు ఏ జబ్బూ లేకుండానే సుమారు అయిదుగురిలో ఒకరికి రెండు పాపల మధ్య కొద్దిపాటి తేడా ఉంటుంది.

నాకు ఎలా తేల్చారో చెప్తాను. కనుపాపను ముడుచుకునేలా చేసే పైలోకార్పిన్ చుక్కల మందును బాగా పలచన చేసి, 0.1 శాతం దగ్గరికి తెచ్చి, రెండు కళ్లలోనూ వేశారు. అంత పలచటి మందుకు మామూలు పాప పెద్దగా కదలదు. నరం దెబ్బతిన్న పాప మాత్రం ఆకలి మీదున్నట్టు దాన్ని అందుకుంటుంది. అరగంట తర్వాత అద్దం చేతికిచ్చారు. పెద్దగా ఉండే నా కుడిపాప ఎడమదానికంటే చిన్నదైపోయింది!

ఇక చూపు పోతుందన్న మాట. నాకు బాగా కోపం తెప్పించింది ఇదే. దెబ్బతినేది చూపు నరం కాదు, రెటీనా కాదు. కనుగుడ్డు వెనక సిలియరీ గాంగ్లియాన్ అని చిన్న నరాల ముడి ఉంటుంది. అక్కడి నుంచి వచ్చే పోగుల్లో అత్యధిక భాగం దగ్గరి చూపు సర్దే కండరానికి పోతాయి, కనుపాపను ముడిచే కండరానికి పోయేవి నూటికి మూడో నాలుగో. ఆ ముడి దెబ్బతింటే రెండు పనులూ ఆగుతాయి. మొదటి ఏడాది నాకు సూదిలో దారం ఎక్కేది కాదు, కాజా కుడుతుంటే గీత అలుక్కుపోయేది. ముప్పయ్యొకటికే ఒంటికంటి చత్వారం! మా ఆడపడుచు నవ్వేది కూడా. దగ్గరి చూపుకు అద్దాలు పెట్టుకున్నాను. నెలలు గడిచేకొద్దీ ఆ ఇబ్బంది తగ్గింది, రెండో ఏడాదికి దాదాపు పోయింది. చాలామందిలో జరిగేది ఇదే.

వెలుతురుకు ముడుచుకోవడం మాత్రం తిరిగి రాలేదు, సాధారణంగా రాదు కూడా. తెగిన పోగులు మళ్లీ పెరిగేటప్పుడు, దగ్గరి చూపుకు పోవాల్సినవి దారి తప్పి పాప కండరానికి చేరతాయి. ఎన్నో దారాలు తెగినప్పుడు ఒకదాని కొస ఇంకోదానికి ముడిపడ్డట్టు. అందుకే టార్చి వేస్తే కదలని నా పాప, సూది మొన వంక చూస్తే మెల్లమెల్లగా ముడుచుకుంటుంది. తలెత్తి వీధిలోకి చూస్తే తెరుచుకోవడానికి ఇంకా బద్ధకిస్తుంది. ఏళ్లు గడిస్తే పాప దానంతటదే చిన్నదవుతుంది. ఇప్పుడు మసక వెలుతురులో నా రెండు కళ్లలో చిన్న పాప కుడిదే. మెసేజ్ రాసినవాళ్లు ఈ మాట ఎక్కడా చెప్పలేదు. మిగిలిన బాధల్లా మే నెల ఎండలో బీఆర్టీఎస్ రోడ్డు మీదికి వస్తే కన్ను జిగేల్మనడమే, దానికి నల్లద్దాలున్నాయి.

రెండో కంటికి రావడం అబద్ధం కాదు, కానీ ఆ లెక్క తప్పు. ఒక కంటికి వచ్చినవాళ్లలో రెండో కంటికి వచ్చేది ఏడాదికి నూటికి నలుగురికి. వచ్చినా ఇదే తీరు, గుడ్డితనం కాదు.

కాళ్లు పడిపోతాయన్నది ఎక్కడి నుంచి పుట్టిందో ఊహించగలను. ఈ జబ్బు ఉన్న చాలామందికి మోకాలి కింద సుత్తితో కొడితే కాలు ఎగరదు. నాకూ ఎగరదు. అయినా రోజంతా మిషన్ తొక్కుతూనే ఉన్నాను. రిఫ్లెక్స్ లేకపోవడం వేరు, బలం లేకపోవడం వేరు. కొద్దిమందికి మాత్రం ఒంట్లో కొన్నిచోట్ల చెమట పట్టడం తగ్గుతుంది. మన ఊరి ఎండలకు అది చిన్న సంగతేం కాదు, అలా అనిపిస్తే డాక్టర్‌కు చెప్పాలి.

నందివర్ధనం వైద్యం జోలికి మాత్రం పోకండి. కంట్లో పూల రసం, తేనె పోస్తే నల్లగుడ్డుకు ఇన్ఫెక్షన్ వచ్చి, అప్పుడు నిజంగానే చూపు పోవచ్చు. దగ్గరి చూపు ఎలాగూ కొన్ని నెలల్లో దానంతటదే బాగుపడుతుంది. ఆ పేరు కాస్తా రసం కొట్టేస్తుంది.

పిన్నికి ఇవన్నీ చెప్పాక, "మరి నీకేం జాగ్రత్త లేదా?" అంది. ఒకటుంది. ఎప్పుడైనా ప్రమాదం జరిగి స్పృహ లేకుండా ఆసుపత్రికి తీసుకెళ్తే, వెలుతురుకు కదలని పాపను చూసి తలలో రక్తం గడ్డకట్టిందనుకునే ప్రమాదం ఉంది. అందుకని "కుడికంటికి టానిక్ ప్యూపిల్, పాతది" అని డాక్టర్‌తో రాయించుకున్న కాగితం పర్సులో ఆధార్ కార్డు వెనకే పెట్టుకుంటాను. దాని ఫొటో పిన్నికి కూడా పంపాను.