ఊరు గొప్ప, పేరు దిబ్బ: ‘రీజినల్’ గారికి ఒక ఉత్తరం

అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ చార్టుల్లో ‘మెక్సికన్’ ముందు కుర్చీ వేసుక్కూర్చున్న ‘రీజినల్’ (అంటే ‘ప్రాంతీయ’) అనే విశేషణం గారికి నమస్కారాలు.

ఉభయకుశలోపరి. తమరి కొలువు విశాలమైనదని విన్నాను. మెక్సికోలోని సినలోవా రాష్ట్రపు బందా, అంటే మన పెళ్లి ఊరేగింపు బ్యాండు మేళానికి ఇంకాస్త ఊపిరీ ఒక పెద్ద ట్యూబా తగిలిస్తే వచ్చే మోత, అక్కడే. అకార్డియన్‌తో సాగే నోర్తేన్యో అక్కడే. హలిస్కో మరియాచీ, టెక్సాస్ తెహానో కూడా అక్కడే. ఒకరి బాణీ ఇంకొకరిది కాదు, ఒకరి ఊరు ఇంకొకరికి తెలీదు. అయినా అందర్నీ ఒకే గాటన కట్టేశారు. ఆ అకార్డియన్ పోల్కా జర్మన్, చెక్ వలసదారులు మోసుకొచ్చినది కదా, దాన్ని ఏ ప్రాంతం ఖాతాలో రాశారండీ?

నాకు మరీ ముచ్చటేసింది దురాంగెన్సే అనే సంగీతం సంగతి. పేరేమో మెక్సికోలోని దురాంగో రాష్ట్రానిది, పెరిగిందేమో అమెరికాలోని షికాగోలో. ఆ సంగీతం వాయించే గ్రూపో మోంతెస్ దె దురాంగో బృందం మొదలైందీ అక్కడే. మిషిగన్ సరస్సు చలిగాలిలో వణుకుతూ వాయించినవాళ్లు కూడా తమరి లెక్కలో మెక్సికో ‘ప్రాంతీయులే’!

లోస్ తిగ్రేస్ దెల్ నోర్తే (‘ఉత్తరాది పులులు’) అనే నోర్తేన్యో బృందం సంగతీ అంతే. సినలోవా పల్లెటూరి కుర్రాళ్లు 1960ల చివర్లో సరిహద్దు దాటుతుంటే ఇమిగ్రేషన్ ఆఫీసరు ‘పులిపిల్లలు’ అన్నాడనీ, ఆ పేరే నిలిచిందనీ చెబుతారు. వాళ్లు కాపురం పెట్టింది శాన్ హోసేలో. ఇప్పుడు మన సాఫ్ట్‌వేర్ తెలుగువాళ్లు వాయిదాల మీద ఇళ్లు కొనుక్కునే శాన్ హోసేనే.

లెక్కల్లోనూ తమరు ఘనులే. 1991లో బిల్‌బోర్డ్ దుకాణాల్లో బార్‌కోడ్ స్కానర్ కింద పడిన అమ్మకాలను లెక్కపెట్టడం మొదలెట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే లాస్ ఏంజెలెస్ సంతల్లో బల్లల మీద సినలోవా గాయకుడు చాలినో సాంచెస్ కేసెట్లు అమ్ముడుపోయేవి. నోటు జేబులోకి, కేసెట్ సంచిలోకి. మధ్యలో స్కానర్ ఎక్కడిది? 1992లో సినలోవాలోని కులియకాన్‌లో పాట ముగించుకుని వెళ్తుంటే ఆయన్ని ఎత్తుకెళ్లి చంపేశారు. గొంతు బాగోదని తనే ఒప్పుకున్న మనిషి. అయినా ఆ తర్వాత ఎందరు ఆ బొంగురును అనుకరించారో! అదే ఏడాది రాంచేరా (మెక్సికో పల్లె పాటలు), బందా పాటలు వేసే కె.ఎల్.ఎ.ఎక్స్. అనే రేడియో స్టేషన్ ఇంగ్లీషు స్టేషన్లన్నిటినీ దాటి లాస్ ఏంజెలెస్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. నగరం మొత్తంలో మొదటిదాన్ని వింటున్నవాళ్లు మాత్రం ‘ప్రాంతీయ’ శ్రోతలు. తమరి తర్కానికి జోహార్లు. (తెలుగు సినిమాని ‘ప్రాంతీయ చిత్రం’ అని పిలిపించుకుని పెరిగినవాణ్ణి లెండి, కాస్త ఎక్కువ మండుతుంది.)

ఇక 2023. అన్ని రకాల పాటల్నీ కలిపి బిల్‌బోర్డ్ వేసే హాట్ 100 చార్టు పుట్టింది 1958లో. మొదటి పదిలోకి తమరి గది నుంచి ఒక పాట చేరడానికి 65 ఏళ్లు పట్టింది. ఎస్లబోన్ అర్మాదో బృందం, గాయకుడు పెసో ప్లూమా కలిసి పాడిన ‘ఎయ్యా బైలా సోలా’ 4వ స్థానందాకా వెళ్లింది. ఎస్లబోన్ అర్మాదో కుర్రాళ్లది కాలిఫోర్నియాలోని ప్యాటర్సన్. ప్యూర్టోరికో గాయకుడు బ్యాడ్ బన్నీతో పాడి 5వ స్థానం పట్టిన గ్రూపో ఫ్రోంతేరా బృందానిది టెక్సాస్‌లోని ఎడిన్‌బర్గ్. అమెరికా ఊళ్లలో పెరిగి, అమెరికా చార్టు ఎక్కినా, తమరి దృష్టిలో వాళ్లు ఇంకా దూరపు చుట్టాలే.

తమర్ని ఉద్యోగం మానేయమనడం నా ఉద్దేశం కాదు. ఎటూ గ్రామీవాళ్లు ఆ పని మొదలెట్టారు. 2024లో పెసో ప్లూమా అందుకున్న బహుమతి పేరులో తమరు లేరు, ‘మూసికా మెహికానా’ (మెక్సికన్ సంగీతం) అని ఉంది. పక్కనే బ్రాకెట్లలో ‘తెహానోతో కలిపి’ అని మాత్రం అలాగే ఉంచారు.

ఆ బ్రాకెట్లకు విడిగా ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
తమరి ప్రాంతం కానివాడు