ప్లస్ ప్లస్ గార్లకు ఒక అడ్తిదారు నమస్కారం

మాల్దీవుల రిసార్టు మెనూ కార్డు మీద ప్రతి ధర పక్కనా '++' అని కొలువుండే ప్లస్ ప్లస్ గార్లకు, వరంగల్ నుంచి ఒక మిర్చి అడ్తిదారు, అంటే రైతు సరుకు అమ్మించి కమీషన్ తీసుకునేవాడు, నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మా అబ్బాయి ప్యాకేజీ బుక్ చేసి పంపితే నేనూ మా ఇంటామే మీ దీవికి వచ్చి వెళ్లాం. సముద్రం గురించి మా చుట్టాలకు ఆమె చెబుతోంది. నాకు మాత్రం మీరే గుర్తున్నారు.

వయసులో నేను పెద్దవాణ్నే గానీ విద్యలో పెద్దలు మీరే. మా లైన్‌లో జెండా పాట అని ఒకటుంది. పొద్దున్నే మేలైన సరుకుకు ఒక పెద్ద రేటు పాడతారు. మర్నాడు పేపర్లో వచ్చేది అదే. ఆ రేటు చూసి బస్తాలు వేసుకొచ్చిన రైతుకు తేమ అని కొంత, తాలు అని కొంత తగ్గుతుంది. తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, చేతికొచ్చేసరికి కమీషన్, హమాలీ, దడ్వాయి (తూకం కూలి) అన్నీ వరసగా దిగి ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో గీత, ఒక్కో వాదన, ఒక్కోసారి లొల్లి. ఇంత తతంగాన్ని రెండు గుర్తుల్లో ముగించవచ్చని మా తాతల కాలం నుంచి ఒక్కడికీ తట్టలేదు.

మీతో పరిచయం కొబ్బరి బోండం దగ్గర జరిగింది. కార్డులో 12 డాలర్లు అని ఉంది, పక్కన చిన్నగా మీరు. చిన్న అక్షరాలంటే మాకు గౌరవం ఎక్కువ, అందుకే అద్దాలు పెట్టుకుని మరీ అడిగాను. ఆ పిల్లగాడు ఓపిగ్గా చెప్పాడు: మొదటి ప్లస్ 10 శాతం సర్వీస్ చార్జి, రెండో ప్లస్ 17 శాతం టూరిజం జీఎస్టీ. మొత్తం 27 అనుకుని తృప్తి పడబోయాను. కాదట. రెండోవారు అసలు ధర మీద ఒక్కదాని మీదే కాకుండా మొదటివారి మీద కూడా ఎక్కి కూర్చుంటారట. 12 కాస్తా 13.20, అది కాస్తా 15.44. అంటే 28.7 శాతం. కోత మీద కోత! మన రూపాయల్లో పదమూడు వందల పైమాటే. లెక్క అర్థమయ్యాక నాకు కోపం రాలేదు, గురుభావం కలిగింది. మేం కూర్చున్న చోటికి పదడుగుల దూరంలో చెట్టు నుంచి రాలిన కాయలను ఒకతను బండిలో ఏరుకుని వెళ్తున్నాడు. వాటి పక్కన మీరు లేరు.

రెండోవారి ఎదుగుదల కూడా చూడముచ్చటగా ఉంది. 2022 దాకా 12 శాతం, 2023లో 16, 2025 జూలై నుంచి 17. గ్రీన్ టాక్స్ అని మీ బంధువు ఒకరున్నారు, ఆయన 2025 జనవరిలో 6 డాలర్ల నుంచి ఏకంగా 12 అయ్యారు, మనిషికి, రోజుకు. మనం తిన్నా తినకపోయినా.

అయినా మీ అసలు బలం శాతాల్లో లేదని నా అనుభవం చెబుతోంది. ఒక దీవి, ఒక రిసార్టు. 1972లో అక్కడ మొదటి రిసార్టు తెరిచినప్పటి నుంచి ఇదే పద్ధతి. అంటే ఒకే యార్డు, ఒకే వ్యాపారి, చుట్టూ సముద్రం. మా దగ్గర రేటు నచ్చని రైతు బస్తాలు ఎత్తుకుని ఖమ్మం పోతానని బెదిరిస్తాడు. మీ దగ్గర బెదిరించడానికి ఈత రావాలి. జనం ఉండే దీవుల్లో 2009 నుంచి గెస్ట్‌హౌసులున్నాయి, అక్కడ తిండి చవక. కానీ అక్కడికి పోవాలంటే స్పీడ్‌బోటు ఎక్కాలి, దాని పక్కన మళ్లీ మీరే! మందు సీసా వెంట తెచ్చుకుందామన్నా ఎయిర్‌పోర్టులోనే ఉంచుకుని, తిరిగి పోయేటప్పుడు ఇస్తారు.

షాపు కూడా ఒక్కటే. మా వరంగల్ జేపీఎన్ రోడ్డు బట్టల షాపుల్లో చీర సగం ధర నుంచి బేరం మొదలుపెట్టే మా ఇంటామె, అక్కడ చెక్క తాబేలును పట్టుకుని "సగానికిస్తదేమో అడుగు" అంది. అడిగాను. ఆ అమ్మాయి తియ్యగా నవ్వి, టాక్స్ అదనం సార్ అంది. తాబేలును తిరగేస్తే కడుపు కింద ఇండోనేషియాలో తయారైందన్న స్టిక్కర్. నిజం తాబేలు చిప్పను దేశం దాటించడం నేరం కాబట్టి చెక్కదే గతి. చివరికి ఫ్రిజ్‌కు అతికించే బిళ్లతో సరిపెట్టాం. మా ఫ్రిజ్ మీదున్న ఆ బిళ్లంత ఖరీదైన వస్తువు ఫ్రిజ్ లోపల కూడా లేదు.

నిజం చెప్పాలి, పొద్దుటి టిఫిన్ మాత్రం బాగుంది. ప్యాకేజీలోది కాబట్టి ఇంకా బాగుంది. మస్ హునీ అని ట్యూనా చేపను చిదిమి కొబ్బరికోరు, ఉల్లి, నిమ్మరసం, పచ్చిమిర్చి కలిపి రొట్టెతో ఇస్తారు. ఆ మిర్చి గుండ్రంగా, ముడతలు పడి ఉంటుంది. చూసి మన వరంగల్ చపాటా మిర్చి బాపతు అనుకుని ధైర్యంగా కొరికాను. చపాటాకు రంగెక్కువ, కారం తక్కువ. దీనికి కారమే పని. మంటకు నీళ్ల సీసా తెప్పించుకుంటే దాని పక్కన కూడా మీరు హాజరు.

డబ్బు అడగకుండా ప్రతిదానికీ సంతకం మాత్రమే పెట్టించుకునే మీ మర్యాద గురించి వేరే చెప్పాలి. అప్పుకు సంతకం, పంటకు లెక్క, ఈ పద్ధతి మాకు కొత్త కాదు. చివరి రోజు వచ్చిన బిల్లు అడుగున ఇంకో ఖాళీ గీత కనిపించింది, టిప్పు కోసమట. మరి సర్వీస్ చార్జి ఎందుకని నోటిదాకా వచ్చింది. ఏటా రైతులు నన్ను అడిగే ప్రశ్న అదే కదా అని మింగేశాను.

ఇంటికొచ్చి ఆ బిల్లు మా గుమాస్తాకు చూపించాను. అప్పటి నుంచి వాడికి నిద్ర లేదు. వచ్చే సీజన్‌లో తక్‌పట్టీల మీద మిమ్మల్ని అచ్చు వేయిద్దామంటున్నాడు. ప్రెస్సువాడు గుర్తుకు ఇంత చొప్పున అడుగుతున్నాడట, జీఎస్టీ అదనం.

ఇట్లు,
మీ ఏకలవ్య శిష్యుడు