ఓడ ముందు కాగితం మీద తేలాలి

1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్ రేవు నుంచి తొలిసారి బయల్దేరిన స్వీడన్ యుద్ధనౌక 'వాసా', కిలోమీటరున్నర కూడా దాటకుండానే మునిగిపోయింది. తుపాను లేదు, శత్రువూ లేడు. కాస్త గాలి వీచేసరికి పక్కకు ఒరిగింది, ఫిరంగుల కోసం తెరిచిన కిటికీల్లోంచి నీళ్లు జొరబడ్డాయి. అంతకుముందే రేవులో 30 మందిని డెక్ మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుగెత్తించి చూశారు. ఓడ ఊగిపోతుంటే భయపడి పరీక్ష ఆపేశారు. ప్రయాణం మాత్రం ఆపలేదు. రాజుగారికి తొందర మరి.

పైన బరువెక్కువైంది, అంతే. దాన్ని ముందే లెక్కగట్టే దారి అప్పట్లో లేదు. 1746లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త పియర్ బూగేర్ మెటాసెంటర్ అనే బిందువు గురించి వివరించాడు. ఓడ కాస్త ఒరిగినప్పుడు నీరు పైకి తోసే బలపు గీత ఓడ నడిగీతను తాకే చోటది. ఓడ గురుత్వ కేంద్రం దానికంటే కిందుండాలి. అలాగని మరీ కిందుంటే ఒరిగిన ఓడ కుదుపుతో నిటారుగా లేస్తుంది. సరుకు కట్లు తెగుతాయి, సిబ్బందికి నిలబడటమే కష్టం. వెడల్పు పెంచితే నిలకడ వస్తుంది కానీ నీరు ఎక్కువ అడ్డుపడి ఓడ ఇంధనం తాగేస్తుంది. ఓడ డిజైన్ అంటే రోజూ ఈ బేరసారాలే. అసలు ఓడ కట్టాక తప్పు దిద్దడం చాలా కష్టం కాబట్టి చిన్న నమూనాను పొడవాటి నీటి తొట్టిలో లాగి చూస్తారు. విశాఖలోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో అలాంటి తొట్టి ఉంది.

ఆ విశాఖలోనే 1948లో నెహ్రూ అక్కడే కట్టిన 'జల ఉష' ఓడను నీటిలోకి దింపారు. తర్వాత మన నేవీ సొంత డిజైన్ విభాగాన్ని పట్టుదలగా పెంచుకుంది. 2022లో సేవలోకి వచ్చిన విమానవాహక నౌక విక్రాంత్ దాని ఫలమే. వాణిజ్య నౌకల దగ్గరికొచ్చేసరికి కథ వేరు. ఎక్కువగా విదేశీ డిజైన్లు కొనుక్కుంటున్నాం. గీతలు గీసినవాళ్లే ఇంజిన్ ఏది, పంపు ఏది అన్నదీ చాలావరకు తేల్చేస్తారు. అంటే మన యార్డుకు మిగిలేది ఇనుము కోసి అతికే పనే. ఇది నాకు మింగుడుపడదు.

2025 సెప్టెంబరులో కేంద్రం నౌకా నిర్మాణానికి రూ.69,725 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. చర్చంతా యార్డులు, సబ్సిడీల చుట్టూనే తిరిగింది. అదే ప్యాకేజీలో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ కింద ఓడల సాంకేతిక కేంద్రం కూడా ఉందన్న సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు. ఆ యూనివర్సిటీ విశాఖ క్యాంపస్‌లో మన పిల్లలు నేవల్ ఆర్కిటెక్చర్, అంటే ఓడల డిజైన్ చదువుతున్నారు. వాళ్లకు ఇక్కడ గీయడానికి ఓడలుండాలి కదా! ఈ ప్యాకేజీ సాయం అందుకున్న ఓడల్లో ఎన్నింటి డిజైన్ ఈ దేశంలో గీసిందో ప్రభుత్వం ఏటా లెక్క చెప్పాలి.