ఎట్, ఆన్, ఇన్ గార్లకు ఒక విన్నపం

అయ్యలారా,

ఇంగ్లీషులో టైమ్ ముందు నిలబడే మీ ముగ్గురినీ (at, on, in) కలిపినా ఆరు అక్షరాలు దాటరు. కానీ ఒక్క మెయిల్ పంపే ముందు నా చేత ఆరుసార్లు చదివిస్తారు.

మా తెలుగులో టైమ్ చెప్పడానికి ఇంత హడావుడి ఉండదు. ఐదింటికి వస్తా, మార్చిలో వస్తా. సోమవారానికైతే అదీ అక్కర్లేదు, "సోమవారం వస్తా" అంటే వచ్చేస్తాం. (రాకపోతే అది వ్యాకరణం తప్పు కాదు.)

మీ పద్ధతి కూడా మొదట్లో ముచ్చటగానే కనిపించింది. గడియారానికి ఎట్, రోజుకీ తేదీకీ ఆన్, నెలకీ ఏడాదికీ ఇన్. ఇంతేనా అని సంబరపడ్డాను, రాత్రయ్యేదాకా. పొద్దున ఇన్ ద మార్నింగ్, సాయంత్రం ఇన్ ది ఈవెనింగ్. చీకటి పడగానే ఇన్ గారు డ్యూటీ దిగిపోతారు, ఎట్ గారు ఎక్కుతారు: ఎట్ నైట్. అదీ బట్టీ పట్టాను. తీరా మధ్యలో మెలకువ వస్తే "వోక్ అప్ ఇన్ ద నైట్" అనొచ్చట! పొద్దున పక్కన సోమవారం వచ్చి కూర్చుంటే మళ్ళీ సీటు ఆన్ గారిది: ఆన్ మండే మార్నింగ్. వీకెండ్ దగ్గర మీలో మీకే పడలేదు. బ్రిటన్‌లో ఎట్ ద వీకెండ్, అమెరికాలో ఆన్ ద వీకెండ్. శని ఆదివారాల్లో కూడా నాకు టెన్షనే.

నెక్స్ట్, లాస్ట్ కనిపిస్తే మాత్రం ముగ్గురూ మాయం. "ఆన్ నెక్స్ట్ మండే" అని రాసి నవ్వులపాలైంది నేను, మీరు కాదు.

ఇక మీ చుట్టాలు. 2019 నుంచి అన్నా, రెండేళ్ళ నుంచి అన్నా మాకు ఒకటే "నుంచి". మీ వైపు మొదలైన రోజు చెబితే సిన్స్, ఎంతకాలమో కొలిచి చెబితే ఫర్. "సిన్స్ టూ ఇయర్స్" అని ఎన్ని అప్లికేషన్లలో రాశానో!

ఓసారి "ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ టిల్ ఫ్రైడే" అని మెయిల్ కొట్టాను. "అప్పటిదాకా రోజూ పంపుతూనే ఉంటారా?" అని జవాబు. టిల్ కాదు, "బై ఫ్రైడే" అనాలట. శుక్రవారానికల్లా వేరు, శుక్రవారం దాకా వేరు అని తెలుగులో నాకు ఎవరూ నేర్పలేదు, ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. మీ గడపలోకి వచ్చేసరికి ఆ తెలివంతా ఎటు పోతుందో!

దయచేసి ఈ లేఖకు జవాబు ఆన్ టైమ్ ఇవ్వండి. కుదరకపోతే కనీసం ఇన్ టైమ్ ఇవ్వండి. ఆ రెండింటికీ తేడా కూడా అందులోనే రాయండి.

ఇట్లు,
సిన్స్ ట్వెంటీ ఇయర్స్
(కొట్టివేసి) ఫర్ ట్వెంటీ ఇయర్స్
మీ విద్యార్థి