దిగుబడి జీన్ దొరికిందా? సరే, పిలకల సంగతేంటి?

దిగుబడి పెంచే జీన్ దొరికిందని వార్త రాగానే షేర్ల మీద షేర్లు, కానీ ఆ మొక్కకి పిలకలు (మొదట్లోంచి వచ్చే పక్క కాడలు) ఎన్ని తగ్గాయి, తాలు (గింజ నిండని పొట్టు) ఎంత పోయింది అన్నది మాత్రం ఎవరూ రాయరు. వరిలో దిగుబడి అంటే ఎన్ని వెన్నులు (గింజలు పట్టే కంకులు), వెన్నుకి ఎన్ని గింజలు, గింజ ఎంత బరువు, ఈ మూడే. ఒకటి పెంచితే ఇంకోటి తగ్గుతుంది, చిక్కంతా అక్కడే.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఇరి వాళ్లు 1980ల చివర్లో ఇదే ట్రై చేశారు, పనికిరాని పిలకలు తగ్గించి వెన్నులు పెద్దవి చేద్దామని. వెన్నులైతే పెద్దవే వచ్చాయి గానీ గింజలు సరిగా పాలు పోసుకోలేదు, తాలు ఎక్కువైంది, తర్వాత ఇండికా అనే తెగ వరి రకాలతో మళ్లీ క్రాసింగ్ చేయాల్సొచ్చింది.

ఎందుకిలా అంటే వరిలోని ఐపీఏ1 అనే జీన్‌ని చూడండి, 2010లో బయటపడింది. దీని ప్రోటీన్ పిలక మొగ్గ దగ్గర టీబీ1 అనే జీన్‌ని ఆన్ చేస్తుంది, టీబీ1 పనేమో మొగ్గని ఆపడం. అదే ప్రోటీన్ వెన్ను తయారయ్యే చోట డెప్1 అనే ఇంకో జీన్‌ని లేపి వెన్ను కొమ్మలు పెంచుతుంది. అంటే ఒకే ప్రోటీన్ ఒక చోట బ్రేకు, ఇంకో చోట యాక్సిలరేటర్! డోసు పెంచితే పిలకలు తగ్గి వెన్ను పెరుగుతుంది, మరీ పెంచితే పిలకలే మిగలవు.

కాబట్టి నా లెక్కలో జీన్ ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే, ఎక్కడ ఎంత పనిచేస్తోంది అన్నదే అసలు ప్రశ్న. మొక్కజొన్న కథ కూడా ఇదే, దాని అడవి పూర్వ రూపం టియోసింటే గుబురుగా కొమ్మలేస్తుంది, టీబీ1కి దాదాపు 60 వేల డీఎన్ఏ అక్షరాల దూరంలో ఒక జంపింగ్ జీన్ (చోటు మార్చే డీఎన్ఏ ముక్క) వచ్చి దూరడంతో టీబీ1 జోరు పెరిగి కొమ్మలు ఆగిపోయాయి. 2022లో ఐపీఏ1 ఎక్కడ ఎంత పనిచేయాలో చెప్పే కంట్రోల్ భాగంలో 54 అక్షరాలు కత్తిరిస్తే వరిలో వెన్నుల సంఖ్యా పెరిగింది, సైజూ పెరిగింది. నాకైతే కొత్త జీన్ దొరకడం కన్నా ఇదే పెద్ద వార్త, హెడ్‌లైన్లలో మాత్రం పెద్దగా కనపడలేదు.

ఇక కుండీలో ఒంటరిగా పెరిగిన మొక్క గింజలు లెక్కపెట్టి చెప్పే శాతాలని నేనైతే పక్కన పెడతా. చేలో దగ్గర దగ్గరగా నాటినప్పుడు ఎండకీ నత్రజనికీ పోటీ ఉంటుంది, కుండీలో పిలకలేసే మొక్క అక్కడ వేయకపోవచ్చు. గోధుమలో టిన్ అనే జీన్ పిలకలు తగ్గిస్తుంది, నీళ్లు కరువైన చోట అది లాభం అవ్వచ్చు, నీళ్లు బాగున్న చోట ఆ తగ్గిన పిలకలే నష్టం కావచ్చు. అందుకే ఏ చేలో, ఎంత దగ్గరగా నాటి, ఎన్ని సీజన్లు చూశారో రాయకుండా దిగుబడి ఇంత శాతం పెరిగింది అంటే, అది ఇంకా ల్యాబ్ దాటని మాట.