మహారాజశ్రీ రౌండాఫ్ గారికి

మహారాజశ్రీ రౌండాఫ్ గారి దివ్య సముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి.

బిల్లులో అందరికంటే కింద, మొత్తానికి ఒక్క వరస పైన, చిన్న అక్షరాల్లో కూర్చుని పైసల్ని రూపాయికి సవరించే తమరికి ఇంతవరకు ఎవరూ ఉత్తరం రాసి ఉండరు. మీ పైవరసల్లో ఉండే కేంద్రం పన్ను సీజీఎస్టీ, రాష్ట్రం పన్ను ఎస్‌జీఎస్టీ గార్లను తిట్టుకోవడానికే జనానికి టైము చాలడం లేదు. ఆ సందట్లో తమరు చల్లగా బతికేస్తున్నారు. ఈరోజు మధ్యాహ్నం నుంచి నాకు మాత్రం తమరి మీదే ధ్యాస.

వదినా నేనూ టిఫిన్‌కి వెళ్ళాం. ఇడ్లీ 45, పెసరట్టు 85, కాఫీ 35. కాఫీ ఒక్కటే, వన్ బై టూ. మొత్తం 165. దానికి 5 శాతం పన్ను 8.25 అని కాఫీ చల్లారేలోపే లెక్క వేసుకున్నాను. బిల్లు వచ్చింది. పన్నుని రెండు సగాలు చేసి, 4.125ని రెండుచోట్లా 4.13గా పెంచి, 8.26 వేశారు. సగానికి కోస్తే ఒక పైసా పుట్టుకొచ్చింది. పోనీ, రెండు ప్రభుత్వాలు పంచుకోవాలి, పుట్టిన బిడ్డని ఏం చేస్తాం. కాబట్టి 173.26. ఇరవయ్యారు యాభై కంటే తక్కువ కాబట్టి 173. మూడో తరగతి పిల్లాడైనా ఇదే చెబుతాడు.

తమరు చెప్పింది: రౌండాఫ్ +0.74. మొత్తం 174.00.

"బాబూ, ఇరవయ్యారు పైసలుంటే కిందికి కదా రావాలి?" అన్నాను కౌంటర్‌లో.

"సిస్టమ్ అలా తీసుకుంటదమ్మా."

"సిస్టమ్‌కి అలా తీసుకోమని చెప్పిందెవరు?"

మేనేజర్ వచ్చాడు. "ఒక్క రూపాయికి ఏముంది మేడమ్" అన్నాడు. వెనక లైన్లో ఉన్న ఒక పెద్దమనిషి కారు తాళాలు గలగలలాడిస్తూ "ఆ రూపాయి నేనిస్తాన్లే అమ్మా" అని దానకర్ణుడైపోయాడు. వదిన నా కొంగు పట్టి లాగుతూ "పద వదినా, పరువు పోతోంది" అంది. మేనేజర్ సోంపు గిన్నె నా వైపు జరిపి, "ఇంకో చెంచా తీసుకోండి" అన్నాడు.

రూపాయికి బదులు సోంపు! ఇదివరకు కనీసం చాక్లెట్ ఇచ్చేవాళ్ళు.

నేను కదల్లేదు. సాఫ్ట్‌వేర్ అతను నాలుగు దాటితే గానీ ఫోన్ ఎత్తడన్నారు. కూర్చున్నాను. వదిన నాకు తెలియనట్టు పక్క టేబుల్‌కి మారిపోయింది. చివరికి ఆ కుర్రాడు ఫోన్ ఎత్తి, నిజం చెప్పాడు పాపం. అందులో మూడు ఆప్షన్లు ఉంటాయట: దగ్గరి రూపాయికి, పైకి, కిందికి. మెషీన్ పెట్టిన రోజు ఎవరో 'పైకి' అన్నదాన్ని నొక్కారట. సిస్టమ్ అలా తీసుకోదన్నమాట. ఒక మనిషి వేలు అలా తీసుకుంది. మారుస్తారా అంటే, ఓనర్ గారు ఊళ్ళో లేరు.

ఇప్పుడు విషయానికి వస్తాను. తమరంటే నాకు చిన్నచూపు లేదు. నేను సిమెంట్ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయినదాన్ని. తమరి కులగోత్రాలు నాకు తెలుసు. ఈ దేశంలో భారతీయ ప్రమాణాలని నెంబర్లు వేసి రాసుకున్న పట్టిక ఉంది. అందులో ఒకటో నెంబరు జాతీయ జెండాది. రెండో నెంబరు ఎవరిదో తమరికి గుర్తుందా? తమరిదే. ఐఎస్ 2, మా రోజుల్లో 1960 నాటిది. అంకెల్ని ఎలా సవరించాలో చెప్పే నియమాలు. ఉక్కుకీ సిమెంటుకీ కూడా దక్కని కుర్చీ తమరికి వేశారు. జెండా పక్కన!

ఆ నియమాల్లో ఎంత మర్యాద ఉందని! సరిగ్గా సగం దగ్గర ఆగిపోయిన అంకెని ఎటు తోయాలి? ప్రతిసారీ పైకి తోస్తే మొత్తం నెమ్మదిగా ఒకవైపు ఒరుగుతుంది. అందుకని ముందున్న అంకె బేసి అయితే పైకి, సరి అయితే ఉన్నచోటే ఉంచమన్నారు. 2.5 అయితే 2, 3.5 అయితే 4. ఒకసారి వీళ్ళకి, ఒకసారి వాళ్ళకి. పైగా సవరణ ఒక్క దెబ్బలో చేయాలి, మెట్టు మెట్టుగా చేయకూడదు అని కూడా రాశారు. 0.549ని ముందు 0.55 చేసి, దాన్ని మళ్ళీ 0.6 చేశామనుకోండి, మా ల్యాబ్‌లో అయితే రిపోర్టు మొహాన కొట్టేవారు. అది 0.5. సిమెంటు దిమ్మకే ఇంత న్యాయం జరిగేది.

తమరి పూర్వీకుల గురించి ఇంకొకటి. 1957 ఏప్రిల్ 1న రూపాయికి పదహారణాలు పోయి వంద నయాపైసలు వచ్చాయి. అణా అంటే 6.25 పైసలు. పావు పైసా నాణెం ఎక్కడుంది? అప్పుడు చట్టంలో ఏం రాశారంటే, దగ్గరి పైసాకి సవరించండి, రెండు పక్కలా సమానదూరంలో ఉంటే కింది పైసాకి రండి అన్నారు. రెండణాలు 12.5 కాబట్టి 12 పైసలు. ఆరణాలు 37.5 కాబట్టి 37. మూడణాలు 18.75 కాబట్టి 19. ఒక్కొక్క అణా చొప్పున మూడుసార్లు ఇస్తే 18 పైసలు, మూడణాలూ ఒకేసారి ఇస్తే 19. ముందు కలిపి తర్వాత సవరించడం వేరు, ముందు సవరించి తర్వాత కలపడం వేరని ఊళ్ళో కిళ్ళీకొట్టు ముందు నిలబడ్డ ప్రతివాడికీ తెలిసొచ్చిన రోజులవి. తెలంగాణ వాళ్ళకి అంతకుముందే ఇంకో లెక్క: ఏడు హాలీ రూపాయలకి, అంటే నిజాం రూపాయలకి, ఆరు ఇండియా రూపాయలు. ఒక్క హాలీ రూపాయికి ఎంత అని భాగిస్తే తెగేదే కాదు. ఆ లెక్కలన్నీ నోటితో చేసినవాళ్ళ మనవళ్ళం, ఇప్పుడు "సిస్టమ్ తీసుకుంటదమ్మా" అంటే తల ఊపి వచ్చేస్తున్నాం.

గమనించారా, సగం వచ్చినచోట కింది పైసాకి రమ్మంది ఆనాటి సర్కారు. ఇప్పటి జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ యాభై పైసలూ ఆపైన ఉంటే రూపాయి చేయమంటుంది, అంతకు తక్కువైతే వదిలేయమంటుంది. సగం ఇప్పుడు సర్కారుది. సరే, అయినా అందులో "తక్కువైతే వదిలేయండి" అన్న మాట ఉంది కదా. ఆదాయపు పన్ను వాళ్ళు ఏకంగా పది రూపాయలకి సవరిస్తారు, వాళ్ళు కూడా నాలుగు రూపాయలుంటే కిందికే దిగుతారు. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు దిగే మెట్లు టిఫిన్ హోటల్ దిగదా అండీ?

తమరి బంధువర్గం గురించి ఎక్కువ చెప్పను. 500 కొట్టమంటే 499.87 దగ్గర అలిసిపోయి ఆగే పెట్రోల్ పంపు. ఇంట్లో కూర్చుని నేనే టైప్ చేసుకుని, నేనే డబ్బు కట్టుకుని టికెట్ తీసుకుంటే "మీ సౌకర్యానికి" అని వడ్డించే ఫీజు. 11.66 గ్రాముల తులం బంగారం చూస్తుండగానే పదికి తగ్గిపోయింది, ఆ తగ్గింపుకి మాత్రం రౌండాఫ్ అన్న పేరు కూడా పెట్టలేదు. 19.3 ఓవర్లంటే పందొమ్మిదిన్నర అని మావారికి పెళ్ళయినప్పటి నుంచి చెబుతున్నాను, పాయింట్ త్రీ అంటే పదింట మూడు వంతులు అంటారు. అది వేరే ఉత్తరం.

కానీ ఒకటి మాత్రం మింగుడుపడదు. జేఈఈ పర్సంటైల్ ఏడు దశాంశాల దాకా లెక్కిస్తారు. మా మేనల్లుడి జాతకాన్ని ఏడో స్థానం దాకా తవ్వగల దేశంలో, నా పెసరట్టుకి రెండు స్థానాలు నిలబెట్టడం మీ వల్ల కాలేదా?

తమరికి ఒకప్పుడు పని ఉండేది, కాదనను. చిల్లర లేదు. 2011 జూన్ 30తో పావలా, దాని కింది నాణేలు చెల్లకుండా పోయాయి. యాభై పైసల బిళ్ళ చట్టం ప్రకారం ఇప్పటికీ చెల్లుతుంది, ఏ కొట్లో చెల్లుతుందో చట్టం చెప్పలేదు. అలాంటప్పుడు రూపాయికి సవరించక ఏం చేస్తారు? ఒప్పుకున్నాను. కానీ ఈరోజు నేను కట్టింది ఫోన్‌తో. యూపీఐలో 173.26 అని కొడితే 173.26 వెళుతుంది. పైసా కూడా దారిలో జారిపోదు. చిల్లర సమస్య తీరిపోయింది. తీర్చడానికి వచ్చిన తమరు మాత్రం వెళ్ళలేదు. పెళ్ళికొచ్చిన చుట్టం మూణ్ణిద్రలు దాటినా మంచం దిగనట్టు.

ఇక్కడ మర్యాద అయిపోయింది రౌండాఫ్. ఇకనుంచి నువ్వే.

'ఒక్క రూపాయి' అన్నారు కదా, నేనూ ఉజ్జాయింపుగా చెబుతాను విను. బిల్లు చివర పైసలు సున్నా నుంచి తొంభైతొమ్మిది దాకా ఏవైనా రావచ్చు. ప్రతిసారీ పైకే తోస్తే సగటున బిల్లుకి అర్ధరూపాయి నీకు. దగ్గరి రూపాయికి తోస్తే పైకీ కిందికీ పోయి ఇంచుమించు సున్నా. రోజుకి ఐదు వందల బిల్లులనుకుందాం, అది చిన్న హోటలే. రోజుకి 250. నెలకి ఏడు వేల ఐదు వందలు. ఆ డబ్బు నా బల్ల తుడిచిన కుర్రాడికి వెళ్ళినా ఏడవను. అతనికి వెళ్ళదు. పన్ను లెక్కలో సర్కారుకీ వెళ్ళదు. మేము ముగ్గురం వచ్చి ఇడ్లీకీ పెసరట్టుకీ కాఫీకీ విడివిడిగా బిల్లు వేయిస్తే 48, 90, 37 కలిపి 175 అయ్యేది. అసలు విలువ 173.25. స్నేహితులంటే విడిగా కట్టుకోవాలనే కొత్త తరం పిల్లలు నీకు ఎంత బంగారుబాతులో నాకు అర్థమైంది.

అందులో సిగ్గులేనిది ఆ రూపాయి కాదు. అడిగినవాళ్ళని పిసినారిని చేయడం. తీసుకున్నవాడు దర్జాగా గల్లా దగ్గర కూర్చుంటాడు, నాది నాకు ఇవ్వమన్న నేను లైన్లో అందరి చేతా కోతిలా చూడబడాలి. రూపాయి అంత చిన్నదైతే నువ్వే వదులుకోవచ్చుగా? ఒక్కసారైనా కిందికి దిగి చూపించు. ఏ బిల్లులోనైనా నీ పేరు పక్కన మైనస్ గుర్తు కనిపిస్తే ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకుంటాను.

మా వీధిలో కూరలమ్మే ఆవిడ కూడా సవరిస్తుంది. ముప్పాతిక కిలో కంటే ముల్లు కాస్త ఎక్కువ చూపిస్తే "పోన్లే తల్లీ" అంటుంది. పైన గుప్పెడు కరివేపాకు. అసలు కంటే కొసరు ముద్దన్నారు పెద్దలు. ఆవిడ కూడా వ్యాపారం చేయడానికే కూర్చుంది, ధర్మసత్రం పెట్టలేదు. బెండకాయల రేటులో ఆ కరివేపాకు ఉండే ఉంటుంది. ఉన్నా సరే, ఆవిడ నన్ను లైన్లో నిలబెట్టి నవ్వులపాలు చేయలేదు.

ఇంకో మాట చెప్పి ముగిస్తాను, కోపంలో నీ వంశం మొత్తాన్ని తిట్టానని అనుకోకు. సూపర్ మార్కెట్లో బుట్ట పట్టుకుని తిరిగేటప్పుడు నాకు తోడుండేది మీ అన్నగారు ఉజ్జాయింపే. 58కి 60, 142కి 140, 37కి 40, 96కి 100, 213కి 210. మొత్తం 550. కౌంటర్లో 546 వస్తుంది. ఒకదాంట్లో ఎక్కువ వేస్తే ఇంకొకదాంట్లో తక్కువ వేస్తాడు, చివరికి నాలుగు రూపాయల తేడాతో ఇంటికి చేరుస్తాడు. అదే నీ పద్ధతిలో అన్నీ పైకే తోసుకుంటూ పోతే 570 అయ్యేది. ఆయన బిల్లు రాకముందు వస్తాడు, బిల్లు వచ్చాక తప్పుకుంటాడు. 'నేను సుమారు' అని ముందే చెప్పుకుంటాడు. నువ్వు బిల్లు అయ్యాక వచ్చి, సున్నా సున్నా పైసలని ముద్ర వేసుకుని, ఖచ్చితమైనవాడిలా నిలబడతావు.

ఆయనకి నా నమస్కారాలు చెప్పు. కూరలావిడ ఇంటికి ఎప్పుడైనా వెళితే కొసరు గారి యోగక్షేమాలు కనుక్కుని రాయి. మీ చెల్లెలు కన్వీనియన్స్ ఫీజుకి ఆశీస్సులు లేవు.

ఓనర్ గారు సోమవారం ఊర్నుంచి వస్తారట. వదిన రానంది.

ఇట్లు,
నీకు 74 పైసలు అప్పిచ్చిన ఒక కస్టమర్

తా.క.: సోంపు తీసుకోలేదు. లెక్కలో వేయకు.